పేరు ముందు ర్యాంకు

మోడెం కూత మొదలయ్యేసరికి అయూబ్ గదిలో ఉండడు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా దిగిపోయి, బ్రాడీపేటలో నెట్ సెంటర్ పెట్టుకున్న మనిషి, పొద్దున్నే మోడెంతో ఫోను లైను మీద నెట్ కలిపే పని మాత్రం సెంటర్లో పనిచేసే మనోజ్ఞకు వదిలేసి టీకని వీధిలోకి వెళతాడు. ఎందుకని ఆమె ఎన్నడూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

2003 వేసవిలో ఇద్దరూ కలిసి ఒక వెబ్‌సైటు కట్టారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లూ, వెళ్లి వచ్చినవాళ్లూ ఒకచోట చేరి మాట్లాడుకోవడానికి. దాని పేరు 'బ్యారక్'. ప్రోగ్రాం రాసింది మనోజ్ఞ. ఎలా ఉండాలో చెప్పింది అయూబ్. సైన్యం నుంచి వచ్చినవాడు ఇంట్లో ఎంత మాట్లాడినా సగం మాట గొంతు దాటదనీ, ఆ సగం అక్కడ ఉండి వచ్చినవాడి ముందే బయటికి వస్తుందనీ అతని నమ్మకం. ఆ సగానికి ఒక చోటు కావాలి.

మనోజ్ఞ మొదట తయారుచేసిన పేజీలో పేరు, ఊరు, ఫోటో, అంతే ఉన్నాయి. మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు, ఆనరరీ కెప్టెన్ జానకిరామయ్య అది చూసి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ర్యాంకేదీ?"

"చాలామంది రిటైరయ్యారు కదండీ," అంది మనోజ్ఞ.

"మనిషి రిటైరవుతాడమ్మా, ర్యాంకు కాదు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకుండా నోరెట్లా తెరుస్తాం? ఏం అయూబ్?"

"జై హింద్ సాబ్," అన్నాడు అయూబ్.

పేరు ముందు ర్యాంకు వచ్చింది. ఎవరు ముందు రాసినా పై ర్యాంకువాడి మాటే పైన కనిపించే ఏర్పాటూ వచ్చింది. అందులో తప్పేమిటో అయూబ్‌కు తోచలేదు. నీళ్లలో ఉన్నవాడికి తడి తెలియనట్టే అతనికీ తెలియలేదు.

మూడు నెలలు బ్యారక్ కళకళలాడింది. పుణే కంటోన్మెంటు నుంచి ఒకడు కొత్తపట్నంలో చేపలు పడుతున్నాయా అని అడిగేవాడు. కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు పెట్టినవాళ్లు ధర మీద జోకులేసుకునేవారు. వానలు వెలిసి పత్తికి మందు కొట్టే రోజులు వచ్చాక, అద్దంకి దగ్గరి పల్లె నుంచి నాయక్ ర్యాంకులో దిగిపోయిన బాపయ్య ఇలా రాశాడు:

"చేలో పవర్ స్ప్రేయర్ మోటారు వేయగానే కాల్పులు మొదలైనట్టు సాళ్ల మధ్య బోర్లా పడుకుంటున్నాను. నాకు తెలియకుండానే. మా ఆవిడ వీరమ్మ, పురుగుమందు వాసన పడక అనుకుంటోంది. మీలో ఎవరికైనా ఇట్లా ఉందా?"

జానకిరామయ్య జవాబు దాని నెత్తినే వచ్చి కూర్చుంది. "సైనికుడు తన పిరికితనం నలుగురిలో చాటుకోడు. యూనిట్ పరువు గుర్తుంచుకో, నాయక్."

ఆ కింద ఒకరి తరవాత ఒకరు రాశారు: జై హింద్ సాబ్. జై హింద్ సాబ్. తెర నిండిపోయింది. మనోజ్ఞ చదువుతూ అయూబ్ పేరు దగ్గర ఆగిపోయింది.

"సార్, ఇది మీరేనా?"

"అది సెల్యూటమ్మా. పెద్దాయన మాట్లాడాడు, విన్నామని చెప్పడం. ఒప్పుకున్నామని కాదు."

"చదివేవాళ్లకి ఆ తేడా ఎట్లా తెలుస్తుందండీ?"

"బాపయ్యా ఫౌజీయే, సైన్యం మనిషి. తెలుస్తుంది."

"తెలిస్తే ఫోటో ఎందుకు తీసేసుకున్నాడు?"

బాపయ్య పేరు పక్కన ఖాళీ చదరం ఉంది. అయూబ్ దానివైపు చూశాడు. మైదానంలో కొట్టిన సెల్యూట్ చేయి దించగానే ముగిసిపోతుంది. ఇక్కడ చేయి దిగలేదు. ఇందరి చేతులూ ఒక మనిషి మీదికి లేచి అలాగే నిలిచిపోయాయి. కోపం వచ్చింది. మొదట కెప్టెన్ మీద. అది సులువైన కోపం. ర్యాంకు పైనుంచి మోపే బరువని ఇన్నాళ్లూ అనుకున్నాడు. దాన్ని కిందినుంచి ఎత్తి పట్టుకుంటున్న చేతుల్లో తనదీ ఉంది.

మర్నాడు అద్దంకి బస్సెక్కాడు.

బాపయ్య పత్తిచేలో కలుపు తీస్తున్నాడు. అతన్ని చూసి లేవలేదు.

"ఏం హవల్దార్ సాబ్, చేలోకి కూడా వచ్చి జై హింద్ చెప్పిపోదామనా?"

"తిట్టు బాపయ్యా. పడతాను."

"తిట్టడమెందుకు? నీ చోట నేనుంటే నేనూ సెల్యూట్ కొట్టేవాణ్ణే. అదే నాకు మండేది. ఆ పెద్దాయన ఎప్పుడూ అంతేలే. మీరంతా వరసన నిలబడ్డారే! నిలబడితే నిలబడ్డారు, నాకెదురుగానా?"

అంతలో పక్క చేలో మోటారు గుర్రుమంది. బాపయ్య నేలకు వాలబోయాడు. పక్కనున్న పత్తిమొక్కను మొదలు దగ్గర పట్టుకుని ఆగాడు. అయూబ్ అటు చూడకుండా గట్టు మీద కూర్చున్నాడు.

"నాకు మోడెం," అన్నాడు.

"ఏంటీ?"

"కొండమీద వైర్‌లెస్ సెట్ దగ్గర ఉన్నాను. అవతలి పోస్టులో కుర్రాడు మాట్లాడుతున్నాడు. మాట సగంలో తెగింది. తరవాత అంతా కూతే. పిలుస్తూనే ఉన్నాను. మోడెం కూడా అట్లాగే కూస్తది."

బాపయ్య నవ్వాడు. "మోడెం కూత పడనోడివి నెట్ సెంటర్ పెట్టావేందయ్యా!"

"ఆ పనొక్కటే వచ్చు."

"నాకూ పత్తే వచ్చు." మొక్కను వదిలాడు. అరచేతిలో పసరు. "ఇది చేలో నాకొక్కడికే చెప్పడం కాదు. అక్కడ రాయి. ర్యాంకు తీసేసి రాయి. అప్పుడు చూస్తా."

గుంటూరు చేరగానే అయూబ్ మనోజ్ఞతో అన్నాడు: "ర్యాంకులు తీసెయ్యమ్మా. వరస కూడా. ఎవరు ముందు రాస్తే వాళ్లదే ముందు."

"కెప్టెన్ గారో?"

"నేను చెప్పుకుంటాను."

సాయంత్రానికి జానకిరామయ్య స్కూటర్ గుమ్మం ముందు ఆగింది. ఆయన కూర్చోలేదు.

"నా ర్యాంకు ముప్పై ఏళ్ల కష్టం. నీ దుకాణంలో ఊడదీయించుకోడానికి కాదు."

"ఊడదీయలేదండి. చెప్పులతో పాటు గుమ్మం బయట పెట్టి రమ్మంటున్నాను."

"చెప్పులా?" ఆయన ముఖం ఎర్రబడింది. "వాడు ఏడిస్తే అందరూ ఏడవాలా? మేం చూడలేదా యుద్ధాలు?"

"చూశారు. అందుకే మిమ్మల్ని అడిగాడు. సిగ్నల్స్‌లో మాకు నేర్పింది ఒకటే సార్, అవతలివాడు పిలిస్తే పలకాలి. బాపయ్య పిలిచాడు. మీరు ఆర్డరేశారు, మేం సెల్యూట్ కొట్టాం. పలికినవాడు ఒక్కడూ లేడు."

"సంఘం పేరు తీసెయ్ దాన్నుంచి."

"తీసేస్తానండి."

గుమ్మం దాటుతూ జానకిరామయ్య వెనక్కి తిరిగాడు. "జై హింద్," అని ఎదురుచూశాడు. అయూబ్ చేయి తనంతట తానే సగం లేచింది. దాన్ని దించి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండి."

స్కూటర్ వెళ్లిపోయింది. ఆ మాటల మధ్య నెట్ ఎప్పుడో తెగిపోయింది. మనోజ్ఞ మోడెం వైపు లేచింది.

"నేను కలుపుతానమ్మా."

"టీకి వెళ్లరా సార్?"

"వెళ్లను."

కూత మొదలైంది. అయూబ్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు, బాపయ్య పత్తిమొక్కను పట్టుకున్నట్టు. కూత సాగి, గరగరలాడి, ఆగింది. బల్ల వదిలాడు. తరవాత బాపయ్య ప్రశ్న తెరిచి, దాని కింద రాశాడు.

"నాకు ఉంది. అయూబ్, బ్రాడీపేట."