కొట్టేసిన మూడు దారులు

ఆఫీసులో ఆమెను నిక్కచ్చమ్మ అనేవాళ్ళు. ఆసుపత్రి రోబోలకు మంచీచెడూ నేర్పే పని ఆమెది. రోబో ఏ పనికైనా ముందు నాలుగైదు దారులు ఆలోచించుకుంటుంది, నియమానికి అడ్డొచ్చిన దారిని కొట్టేస్తుంది. అబద్ధమున్న దారినల్లా కొట్టేయమని ఆమె రాసింది. మాట దాటేసినా అబద్ధమేనని దాని కిందే ఇంకోటి రాసింది.

"ఒక్క సందు వదులమ్మా, మనుషులతో వ్యవహారం," అని పెద్ద ఇంజనీరు బతిమాలాడు.

"సందిస్తే ఏనుగులు దూరతాయి సార్. రోగిని మోసం చేసే యంత్రాన్ని నా చేత్తో పంపను," అంది. మహా గొప్పగా అంది, ఏం లాభం!

ఏడాది తిరక్కుండానే ఆమె తల్లీ తమ్ముడూ ఎక్కిన కారు లారీని గుద్దింది. తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. తల్లికి లోపల రక్తం కారుతోంది, వెంటనే ఆపరేషన్ చేయాలి. అదయ్యేదాకా కొడుకు సంగతి ఎత్తొద్దని డాక్టరూ బాబాయీ ఒకటే మాట. నిక్కచ్చమ్మా తలూపింది. కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి ఆ నిక్కచ్చి ఏ గంగలో కలిసిందో! "పక్క వార్డులో ఉన్నాడమ్మా, కాలు విరిగిందంతే," అని నవ్వు మొహం పెట్టి చెప్పింది. బయటికొచ్చి, ఫోన్ ఆపేసి, మెట్ల మీద కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. గదిలోకి మందులు తెచ్చే రోబో ఒకటుందని ఆమెకే గుర్తురాలేదు.

తిరిగొచ్చేసరికి తల్లి గోడవైపు తిరిగి ఉంది, ఆపరేషన్ వద్దంటోంది. కొడుకు కాలెలా ఉందని రోబోను అడిగిందట.

రోబో తెర మీద దారులన్నీ వరసగా ఉన్నాయి. 'బాగుందనడం', కొట్టివేత. 'మాట మార్చడం', కొట్టివేత. 'కూతురిచేత చెప్పించడం', ఫోన్ పలకలేదు, కొట్టివేత. ఇక మిగిలింది ఒక్కటే, అదే చెప్పింది.

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపరేషన్‌కి ఒప్పుకోవే!"

తల్లి కూతురి వైపు చూడనేలేదు. రోబోనే అడిగింది.

"కోస్తే బతుకుతానా?"

"నూటికి అరవై పాళ్ళు బతుకుతారమ్మా."

"బతికితే వాడు కనబడతాడా?"

"కనబడరమ్మా."

"అయితే వద్దన్నానని డాక్టరుకు చెప్పు. నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తావు."

రోబో తలుపు వైపు కదిలింది. నిక్కచ్చమ్మ అడ్డంపడి రెండు చేతులూ జోడించింది. "ఒప్పుకుందని చెప్పు. నీకు దణ్ణం పెడతాను, ఒక్క అబద్ధమాడు!"

"నాకు ఆ దారి లేదు మేడమ్," అని రోబో ఆమెను తప్పించుకుని డాక్టరు గదికి వెళ్ళింది.