చెత్త లేని ఇంటి సీసా

నేను ఒక కూల్‌డ్రింక్ సీసాను. మొదట్లో వేలెడంత గొట్టాన్ని. ఫ్యాక్టరీలో ఆ గొట్టాన్ని వేడిచేసి, ఒక యంత్రం లోపలికి గట్టిగా గాలి ఊదితే నాకు పొట్టా నడుమూ వచ్చాయి. నారింజరంగు నీళ్లు నింపి లారీలో బొబ్బిలి పంపించారు. అక్కడ ఒక పెళ్లి ఊరేగింపులో ఎవడో నాలుగు గుక్కల్లో తాగేసి నన్ను కాలవలోకి విసిరాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కాబోలు అనుకున్నాను.

నన్ను ఏరుకున్నది నూకాలమ్మ. రైలుగేటు దగ్గర గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలు అమ్ముతుంది. సూది కాల్చి నా మూతకు చిల్లులు పొడిచింది. ఎండెక్కాక తోటకూర తల వాల్చేస్తుంది. నన్ను తలకిందులు చేసి నొక్కితే జల్లు పడుతుంది, కూర మళ్లీ లేచి కూర్చుంటుంది. వాడిన కట్ట ఎవరూ కొనరు కనక ఆ ఇంటి పొయ్యికి నేనూ కొంత ఆధారమే. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట.

ఆమె మనవరాలు పైడితల్లి ఏడో తరగతి. వాళ్ల బడిలో సైన్సు చెప్పే సుగుణ మేడం రీసైక్లింగ్ ఆటలు పెట్టింది. ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ చెత్త వస్తువు తేవాలి, పరుగెత్తి వెళ్లి దాన్ని తొక్కి అణచాలి, సరైన రంగు డబ్బాలో వెయ్యాలి. తేనివాళ్లు గట్టుమీద కూర్చుని చూడాలి.

"మా ఇంట్లో చెత్త నేదండి," అంది పైడితల్లి.

"చెత్త లేని ఇల్లుంటుందా?" అని మేడం నవ్వింది. క్లాసంతా నవ్వింది.

పిల్ల ఇల్లంతా వెతికింది. నూనె డబ్బాలో ఉప్పుంది. పాల ప్యాకెట్లలో విత్తనాలున్నాయి. చిరిగిన గొడుగుగుడ్డ పొయ్యిమీద కప్పుగా ఉంది. అన్నీ ఉద్యోగాల్లో ఉన్నాయి. పరుగులో తనను మించినవాళ్లు లేరు, అయినా గట్టుమీద కూర్చోవాలి. పొద్దున్న మామ్మ కూర కోయడానికి మడికి వెళ్లిన సమయం చూసి నన్ను సంచిలో వేసుకుంది.

బడి గేటు దగ్గర ఇంకో వినోదం. చెత్త దొరకని పిల్లలు కొట్లో కొత్త కూల్‌డ్రింకులు కొని, తాగినంత తాగి, మిగతాది కాలవలో పోసి, ఖాళీ సీసాలు పట్టుకొచ్చారు. చెత్త తగ్గించే ఆట కోసం ఆ రోజు చెత్త బాగా తయారయింది.

ఈల మోగింది. పైడితల్లి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి నన్ను నేలమీద పెట్టింది. కాలెత్తి ఒక్క క్షణం ఆగింది. పక్క వరసలో ఎవరో దగ్గరకొచ్చేస్తున్నారు. తొక్కేసింది. నొప్పి అనేది నాకు తెలీదు కానీ, ఆ పిల్ల మొహంలో చూశాను. చప్పట్ల మధ్య నన్ను నీలం డబ్బాలో పడేసింది. బహుమతిగా కొత్త ప్లాస్టిక్ నీళ్ల సీసా ఇచ్చారు, మెరిసే ప్లాస్టిక్ కాగితంలో చుట్టి.

మధ్యాహ్నం భోజనాల వేళ రైలుగేటు దాకా పరుగెత్తిందట. పట్టామీద తోటకూరంతా వాలిపోయి ఉందట. నూకాలమ్మ దోసిలితో నీళ్లు చిలకరిస్తోందట. పిల్ల వెంటనే వెనక్కొచ్చి, అప్పటికే గోనెసంచిలో మూటకట్టిన సీసాల ముందు నిలబడి ఏడ్చింది.

"గెలిచావుగా, ఏడుపెందుకు?" అంది మేడం.

"అది చెత్త కాదండి. మా మామ్మ సీసా."

"మరెందుకు తెచ్చావు?"

"నాకూ ఆడాలనుందండి."

మేడం చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, సంచి మూతి తనే విప్పి, వెతకడానికి కింద కూర్చుంది. మూతకున్న చిల్లులను బట్టి నన్ను పోల్చుకున్నారు.

పైడితల్లి నన్ను రైలుగేటుకి తీసుకెళ్లింది. చపాతీలా అణిగిపోయిన నన్ను చూసి నూకాలమ్మ, "ఏటే పైడీ, దీన్నిలా సేసీసినావు!" అంది. మనవరాలు చాచిన కొత్త సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో నువ్వు నీల్లు తాగు," అని తిరిగిచ్చింది. నా మూత తీసి, నా మూతిని తన నోటికి పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదింది. టప్‌మని నా పొట్ట వచ్చింది. మళ్లీ ఊదింది, నడుము వచ్చింది. కాస్త వంకరగా వచ్చింది, అంతే.

మొదటిసారి నన్ను ఊదింది యంత్రం. దానికి నాతో పని లేదు. ఈ ముసలామెకు పని ఉంది. నన్ను నింపి పైడితల్లి చేతికిచ్చింది. ఆ పిల్ల ముక్కు చీదుకుని, నన్ను తలకిందులు చేసి, తోటకూర మీద నెమ్మదిగా నొక్కింది.