పాత ధరకే పోశాం

లేదని చెప్పింది నేనే. ఎవరి నోటో వినేకన్నా నా నోటే వినండి.

ఆ రోజు నేను పనిచేసే పెట్రోలు బంకు ముందు 'స్టాకు లేదు' బోర్డు పెట్టించి ఓనరు గాజు గదిలో చల్లగా కూర్చున్నాడు. మర్నాడు ధర పెరుగుతుందని వాడికి ముందే కబురందింది. పొద్దున భూమిలోని ట్యాంకులోకి ఇత్తడి కొలకర్ర దించి చూసింది నేనే. కర్ర మూడొంతులు తడిసింది. అది కళ్ళారా చూసి కూడా, బోర్డు పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరినీ పొమ్మని చెయ్యి ఊపుతున్నాను.

మిట్టమధ్యాహ్నం మా అన్న తన ఆటోని తోసుకుంటూ వచ్చాడు. వెనక సీట్లో వదిన, నెలలు నిండి, కమ్మీ పట్టుకుని పళ్ళు బిగబట్టి ఉంది.

"చెల్లీ, ఒక్క లీటరు. ఊళ్ళో ఏ బంకులోనూ పొయ్యట్లేదు. ఆసుపత్రి దాకా వస్తే చాలు."

గాజు గది వైపు చూశాను. ఓనరు వేలు అడ్డంగా ఊపాడు. నాకు ఉద్యోగం గుర్తొచ్చింది.

"లేదన్నా," అన్నాను.

అన్న ఆ ఎండలో ఆటో తోసుకుంటూ పోయాడు. ఆసుపత్రి చేరేసరికే బిడ్డ కడుపులోనే పోయింది. వారం తర్వాత కొలకర్ర సంగతి అన్నకి చెప్పేశాను. అన్న నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. వదిన మాత్రం నాతో మాట మానేసింది.

ఆటో స్టాండులో అందరూ పోగయ్యారు. అన్న జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. "బంకు తగలబెడతా."

ట్యాంకరు తోలే గుండు మామ ఆ అగ్గిపెట్టె లాక్కున్నాడు. "తగలబెడితే వాడికి బీమా సొమ్మొస్తుంది, మనకి బూడిదొస్తుంది. కూర్చో."

అరిచి అరిచి చివరికి బహిష్కరణకి ఒప్పుకున్నారు. శుక్రవారం ఊళ్ళో ఒక్క బండి కూడా పెట్రోలు కొట్టించకూడదు. జనం కొనకపోతే ధర దానంతటదే దిగొస్తుందన్నారు. గోడల మీద రాశారు, ఫోన్లలో పంపుకున్నారు. కార్లవాళ్ళు కూడా సై అన్నారు.

గురువారం ఏం జరిగిందో చెబితే నవ్వుతారు. మర్నాడు కొట్టించకూడదు కదా అని ఊరు ఊరంతా ఆ రోజే ట్యాంకులు నింపుకుంది! లైను వీధి మలుపు దాటింది. పైపు పట్టుకుని పట్టుకుని నా భుజం వాచిపోయింది. ఆ లైన్లో మా స్టాండు ఆటోలన్నీ ఉన్నాయి. ఓనరు మాకు మిఠాయి పంచిపెట్టాడు.

"నెలకోసారి చెయ్యమనండర్రా ఈ పోరాటం!" అన్నాడు.

శుక్రవారం బంకు బోసిపోయింది, శనివారం మళ్ళీ లైను. పై వారం ధర ఇంకో మెట్టెక్కింది.

రెండో మీటింగు దాదాపు కొట్లాటే.

"కార్లవాళ్ళు ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నారు. మాకు బండి తిరగని రోజు పస్తే!"

"నువ్వు మాత్రం గురువారం ఫుల్లుగా కొట్టించలేదూ?"

"కొట్టించక? బండి తిరక్కపోతే నా పిల్లలకి తిండెవడు పెడతాడు?"

నేను లేచాను. ఓనరు జీతం తినేదానికి ఇక్కడేం పనని ఎవడో గొణిగాడు. గొణగనిచ్చాను.

"కొనకుండా మనం ఎన్నాళ్ళుండగలం? ఒక్క రోజు. అమ్మకుండా వాడు ధర పెరిగేదాకా ఉండగలడు. కొననంటే వాడికి చీమ కుట్టినట్టైనా లేదు. వాడు దాచినప్పుడు దాచనివ్వకూడదు. ట్యాంకులో ఎంతుందో చూసేది మేం. పైపు పట్టేది మేం. సరుకు తెచ్చేది మామ. వాడు పట్టుకునేదల్లా ఏసీ రిమోటు!"

"ధర పెంచేవాళ్ళు ఎక్కడో పైనున్నారు కదమ్మా," అన్నాడొక ముసలి డ్రైవరు.

"ఇక్కడ వాళ్ళ చెయ్యి వీడే తాతా. ముందు ఈ చెయ్యి విరుద్దాం."

గుండు మామ గడ్డం గోక్కున్నాడు. "మరి నీ ఉద్యోగం?"

"ఆ ఉద్యోగం కోసమే కదా మామా ఆ రోజు అబద్ధమాడాను. ఇక చాలు."

అన్న నా మొహం చూడకుండానే, "చెల్లి చెప్పినట్టే చేద్దాం," అన్నాడు.

పది రోజులకి మళ్ళీ 'స్టాకు లేదు' బోర్డు లేచింది. పొద్దున పదింటికి నేను ట్యాంకు మూత తీసి కొలకర్ర దించాను. తడి కారుతున్న కర్రని జనం ముందు పైకెత్తి పట్టుకున్నాను.

"ఇదిగో స్టాకు! ఇదిగో వాడి అబద్ధం!"

మా నలుగురు పనివాళ్ళం పైపులందుకున్నాం. మీటర్లో ఇంకా పాత ధరే ఉంది. ఆ ధరకే పోశాం, ఆటోలకి, స్కూటర్లకి, కూరగాయల బళ్ళకి. గుండు మామ ట్యాంకరు తెచ్చి ఓనరు కారుకి అడ్డంగా పెట్టేశాడు. ఓనరు లబలబలాడుతూ బయటికి పరిగెత్తుకొచ్చాడు. అన్న వాడి కాలరు పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ లాగి అందులో వాణ్ని కుదేశాడు.

"కూర్చుని చూడు. నీ కళ్ళ ముందే అయిపోవాలి."

ప్రతి నోటూ వాడి గల్లాపెట్టెలోనే వేశాం, దొంగలనే అవకాశం వాడికివ్వలేదు. ట్యాంకు ఖాళీ అవుతుంటే వాడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. నాకు ఎంత హాయిగా ఉందో దాచుకోను.

పోలీసులు మాలో పదకొండు మందిని ఎత్తుకెళ్ళి లాకప్పులో తోశారు, గుండు మామ వాళ్ళకి చిక్కలేదు. ఇన్‌స్పెక్టరు కమ్మీల్లోంచి కాగితం, కలం అందించాడు. "ఓనరుగారికి క్షమాపణ రాసివ్వండి, ఇళ్ళకి పోండి." ఒక్కరూ అందుకోలేదు.

ఇంతలో గుమ్మం దగ్గర కలకలం. మిగతా మూడు బంకుల పనివాళ్ళు కూడా పైపులు వదిలేసి వచ్చేశారు. వాళ్ళందరి ముందూ మా వదిన. కమ్మీలు పట్టుకుని అన్నాను.

"నేను క్షమాపణ చెప్పుకోవలసింది నీకొక్కదానికే వదినా. ఆ రోజు పెట్రోలు ఉండి కూడా లేదన్నాను. వాడు చెప్పమంటే చెప్పాను."

వదిన కమ్మీల దగ్గరికొచ్చింది. నెలన్నర తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఈ మాట కోర్టులో చెబుతావా?"

"చెబుతాను."

"ఉద్యోగం పోయినా?"

"జైలుకెళ్ళినా."

వదిన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఎవరూ అందుకోని ఆ కాగితం, కలం అతని చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"నా ఫిర్యాదు రాసుకోండి. నా బిడ్డని చంపినవాడు ఆ బంకు ఓనరు. సాక్షిని వెతకక్కర్లేదు, మీ లాకప్పులోనే ఉంది."

ఇన్‌స్పెక్టరు కదల్లేదు. బయట గుండు మామ గొంతు లేచింది, దాని వెనక వందల గొంతులు లేచాయి.

"రాసుకో! రాసుకో! రాసుకో!"