తాళం తిప్పిన అరగంట

ఆవిడ భర్తలో లోపాలు వెతకాలంటే కష్టపడనక్కర్లేదు, వరసలో నిలబడి ఉంటాయి. వాటిలో పెద్దది, ఏ వస్తువు కొన్నా దానితో వచ్చిన కాగితాన్ని ఇంటిల్లిపాదికీ పైకి చదివి వినిపించడం. మిక్సీ కాగితం విన్నారు, గీజరు కాగితం విన్నారు. ఆ వారం పాత కారు వంతు వచ్చింది.

నలభై ఏళ్లనాటి ఆ కారు చలికి మొండికేసేది. ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు అరిగినప్పుడల్లా ఆయన వాటిని గీకి, ఊది, బతిమాలి నడిపేవాడు. చివరికి వాటిని తీసేసి, ఆ పని తనే చేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ డబ్బీ పెట్టిద్దామనుకున్నాడు. అసలు విశేషం, వైరింగుకి తమ్ముణ్ణి పిలవడం. తమ్ముడు కార్ల ఎలక్ట్రీషియన్. అన్న నలుగురిలో ‘నీ పనంతా హడావుడి’ అన్నందుకు రెండేళ్లుగా ఈ గడప తొక్కలేదు. వాళ్లని కలపడానికి వదిన పడని పాట్లు లేవు. ఆవిడ వల్ల కానిది అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ వల్ల అయింది.

మరిది వచ్చి ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కీ, నల్ల వైరు మైనస్‌కీ బిగించాడు. అన్న పక్కన నిలబడి కాగితం చదివాడు: ఇంజను ఆగి ఉండగా తాళం ఆన్‌లో ఉంచరాదు, డబ్బీ కాలిపోవును. ఆవిడ టీ అందిస్తూ ఆ ముక్క విన్నది, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. మొదటి తిప్పుకే కారు స్టార్టయింది. అన్న తమ్ముడి భుజం తట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వెళ్లి కారులో కూర్చుంది. ‘నా కళ్లజోడేది’ అని ఎవరూ అడగని చోటు అదొక్కటే. తాళం తిప్పి రేడియో పెట్టుకుంది. అరగంటకి మాడు వాసన వస్తే, పొయ్యి మీది కూర గుర్తొచ్చి లోపలికి పరుగెత్తింది. కూర నిక్షేపంలా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది కాగితం. గబగబా వెళ్లి తాళం తీసి మేకుకి తగిలించింది. ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం కారు కదల్లేదు. ఆయన ఆలోచించను కూడా లేదు, తమ్ముడికి ఫోన్ చేసి, వైర్లు తారుమారు చేసుంటావనీ, బుద్ధి మారలేదనీ దులిపేశాడు. పక్కగదిలో ఆవిడ ఒకే చొక్కాని నాలుగుసార్లు మడతపెట్టింది.

మరిది పరుగున వచ్చి, టెస్టర్ బల్బుతో ప్రతి వైరూ చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, డబ్బీయే పోయింది. అతను వాదిస్తే ఆవిడకి కాస్త తేలికగా ఉండేది. వాదించలేదు.

“వైర్లు బానే ఉన్నాయన్నయ్యా. నిన్న తొందరపడ్డానేమో. నేనే ఏదో చేసుంటాను.”

“ఏదో ఏంటి? నిన్ను పిలిచినందుకు నన్ననాలి.”

డబ్బీయే నాసిరకమని అనేస్తే సరిపోతుందని ఆవిడకి తోచింది. తోచినందుకు ఇంకా సిగ్గేసింది. మరిది సామాన్లు సంచిలో వేసుకుని, “టీ వద్దులే వదినా, వెళ్తాను” అన్నాడు, మొహం ఎత్తకుండా. ఈసారి వెళ్తే మళ్లీ రాడు. అతను గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

“ఆగవయ్యా” అంది ఆవిడ. “వైర్లు కాదు, నువ్వూ కాదు. మధ్యాహ్నం పాటలు వింటూ అరగంట తాళం ఆన్‌లో ఉంచాను. ఉంచకూడదని ఆయన చదివారు, నేను విన్నాను కూడా. నిన్ను తిడుతుంటే బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. తప్పు నాది.”