పిల్లుల గురించయితే చెప్పగలదు

"ఆ పిల్లులను ముట్టిన చేతులు సబ్బేసి కడుక్కోని కాఫీ కలుపు," అంది వనజాక్షితో అత్త నాగలక్ష్మమ్మ. గుమ్మఘట్ట నుంచి సిద్దమ్మ, కూతురు గౌతమిని వెంటబెట్టుకొని వచ్చి నడవలో కూర్చుంది. వనజాక్షి భర్త ఎర్రిస్వామికి గౌతమితో రెండో సంబంధం మాటలు నడుస్తున్నాయి. పెళ్లయి తొమ్మిదేళ్లయినా వనజాక్షికి పిల్లలు పుట్టలేదు మరి.

పాలు కాగుతుంటే పొద్దున యూనివర్సిటీలో తను మాట్లాడిన మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. మగపిల్లుల వీర్యకణాల్లోని ప్రోటీన్ల మీద ఆమె ఐదేళ్లుగా పరిశోధన చేస్తోంది. ఇంటి పిల్లి అయినా, అడవి చీతా అయినా, వంకర కణాలు ఎక్కువగా ఉన్న మగదాని ప్రోటీన్లు సరిగా పనిచేయవనీ, కణాలు అండంలోకి చొరబడలేవనీ, ఆడదానిలో ఏ లోపమూ లేకపోయినా కడుపు నిలవదనీ గట్టిగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు మాత్రం సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బెంగుళూరులో డాక్టరు ఎర్రిస్వామి గురించి ఇంచుమించు ఇదే మాట చెప్పి మూడేళ్లయింది. తిరుగు బస్సులో అతను ఆమె చెయ్యి పట్టుకొని ఏడ్చాడు. "ఎవరికీ చెప్పొద్దు వనజా, ఊర్లో తలెత్తుకోలేను." జాలిపడింది. నోరు మూసుకుంది. అత్త ఇచ్చిన కషాయాలన్నీ తాగింది, సీమంతాల్లో వెనక వరసలో కూర్చుంది. తల్లి "గొడ్డుది" అన్నప్పుడల్లా అతను తల వంచుకొని అన్నం కలుపుకునేవాడు. నిన్న రెండో పెళ్లికి ఆమె ఒప్పుకుంటున్నట్టు కాగితం రాసి తెచ్చి, "సంతకం పెట్టు. డాక్టర్లు చెప్పేదంతా నిజమా ఏమి?" అన్నాడు. పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు.

కాఫీ తెచ్చి ఇచ్చింది. గౌతమికి పద్దెనిమిదేళ్లుంటాయేమో. గ్లాసు అందుకుంటూ మెల్లగా అడిగింది.

"అక్కా, నాకూ పిల్లలు కాకపోతే నన్నేం చేస్తారు?"

"నోర్ముయ్యే," అని కసిరింది సిద్దమ్మ.

వనజాక్షి తలుపు పక్కన నిలబడ్డ ఎర్రిస్వామి వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. కషాయం గిన్నె ఈ పిల్ల నోటికి అందించబోయేది అత్త ఒక్కతే కాదని, తను కూడానని వనజాక్షికి అప్పుడు అర్థమయింది.

"సిద్దమ్మక్కా, పిల్లను తీసుకొని పో. లోపం నాలో లేదు. డాక్టరు మూడేండ్ల కిందటే చెప్పినాడు. ఈయనకు తెలుసు."

"ఏం కూస్తాండావే!" అంటూ అత్త లేచింది.

ఎర్రిస్వామి గురించి చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. తర్వాతి మాటే కష్టమయింది. గౌతమి ముఖం చూడలేక నేల చూపులు చూస్తూ అంది:

"నాకూ తెలుసు."