గలీబు నిండా లేబుళ్ళు

మిల్లు మూసేస్తున్నామని మాకు చెప్పింది యజమాని ప్రూయిట్ కాదు, అతని గుమాస్తా. ప్రూయిట్ ఆ రోజు చేపల వేటకి వెళ్ళాడు. అలబామాలో మా ఊరు ఊరంతా ఆ మిల్లులో సాక్సులు అల్లే బతికింది. నేనూ వెర్నా టిడ్‌వెల్ పక్కపక్క మిషన్ల మీద సాక్సుల మునివేళ్ళ చివర్లు మూసి కుట్టేవాళ్ళం. ఆమె మొగుడు రాయిస్ ఆ మిషన్లు బాగుచేసే మెకానిక్కు.

మూసే ముందు హోండురస్ నుంచి కొందరు ఆడపిల్లల్ని తీసుకొచ్చి, మా పని వాళ్ళకి నేర్పమన్నారు. నేర్పకపోతే ఆఖరి జీతం ఇచ్చేది లేదన్నారు. వెర్నా పక్కన కూర్చున్న పిల్ల మా మొహాలు చూసి ఏడ్చేసింది.

"ఏడవకే తల్లీ, నువ్వేం చేశావు? దారం ఇలా పట్టుకో" అంది వెర్నా.

రాయిస్ చేతే మిషన్ల బోల్టులు విప్పించి పెట్టెల్లో సర్దించారు. వాటిని హోండురస్‌కి పంపే లారీలు వెళ్ళిపోయాక అతను కోళ్ళు కోసే ఫ్యాక్టరీలో చేరాడు. పొద్దస్తమానం మంచునీళ్ళలో నాని నాని అతని వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఒక సాయంత్రం అతనికి మొక్కజొన్న రొట్టె తుంచి నోట్లో పెడుతూ వెర్నా నాతో, "ఆ ప్రూయిట్‌ని వదలను ఓపల్" అంది.

"ఏం చేస్తావే? తుపాకీ పట్టుకెళ్తావా?"

"కాల్చి చంపితే ఊరంతా ఏడుస్తూ వాడి శవపేటిక వెనక నడుస్తుంది. నాకది వద్దు. ఊరు వాణ్ణి చూసి ఉమ్మెయ్యాలి."

ఆ మరుసటి ఏడు ప్రూయిట్ పాత మిల్లు మళ్ళీ తెరిచాడు. ముందు గదిలో నాలుగు కొత్త మిషన్లు పెట్టి, చూడ్డానికి వచ్చినవాళ్ళకి వాటినే చూపించేవాడు. వెనక గోడౌన్లో జరిగేది వేరు. హోండురస్ నుంచి మూటలుగా వచ్చిన సాక్సులకి లేబుళ్ళు కోసేసి, 'అమెరికాలో తయారైనది' అన్న లేబులు కుట్టాలి. మన దేశపు సరుకే కొనాలన్న పట్టింపుతో జనం వాటికి రెట్టింపు ధర పెట్టేవారు. లోపల పనిచేసే ఆడవాళ్ళకి అంతా తెలుసు. నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుందని ఊరుకున్నారు. వెర్నా చెల్లెలు జానెల్ అక్కడే చేసేది. వెర్నా ఆమెని బతిమాలుకుని తనూ చేరింది.

చర్చిలో ఆడవాళ్ళు వినబడేలాగే అనేవారు: "సిగ్గు లేదూ? మొగుడి చేతులు పోగొట్టినవాడి దగ్గరికే మళ్ళీ!" వెర్నా తల తిప్పేది కాదు. కోసిన లేబుళ్ళు యాప్రాన్ జేబులో వేసుకుని రోజూ ఇంటికి తెచ్చేది.

జూలై నాలుగున, స్వాతంత్ర్య దినానికి, పార్కులో జెండాలు, బ్యాండు మేళం. ప్రూయిట్ భార్యతో వేదికెక్కి, ఆమెని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, మాజీ సైనికులకి తలా ఒక జత సాక్సులు పంచుతున్నాడు. "ఇవి మన ఊరి చేతులు అల్లినవి! బయటి సరుకు కొన్న ప్రతిసారీ మీ పొరుగువాడి కంచం లాక్కున్నట్టే!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడే మెట్ల దగ్గర, ఉబ్బిన దిండు గలీబు ఒకటి చంకన పెట్టుకుని నిలబడ్డ వెర్నాని చూశాడు.

"ఇదిగో మా వెర్నా! మా కుటుంబంలో మనిషే. రామ్మా, నాలుగు ముక్కలు చెప్పు!" అని తనే మైకు చేతికిచ్చాడు.

వెర్నా గలీబు విప్పి, ముందువరసలో కూర్చున్న ముసలి సైనికుడి బల్ల మీద కుమ్మరించింది. లేబుళ్ళు కుప్పగా పడి, గాలికి గడ్డిలోకి ఎగిరాయి.

"చదవండి తాతా, గట్టిగా" అని మైకు ఆయన మూతి దగ్గర పెట్టింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "హోండురస్‌లో తయారైనది." ఇంకోటి తీశాడు. "హోండురస్."

"మీ ఒళ్ళోవి కూడా అక్కడివే. లేబులు మార్చింది నేనే" అంది వెర్నా. తర్వాత ప్రూయిట్ వైపు తిరిగింది. "కంచం అన్నారు కదా సార్, మా రాయిస్ కంచం సంగతి కూడా చెప్పండి. అన్నం నేను తినిపిస్తున్నాను."

ప్రూయిట్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగి నోరు తెరుచుకునే ఉండిపోయింది. ముసలాయన తన జత తీసి అతని బూట్ల మీదకి విసిరాడు. ఆ తర్వాత వరసంతా విసిరింది.

పెద్ద దుకాణాలు ఆర్డర్లు రద్దు చేశాయి. ప్రభుత్వ అధికారులు వచ్చి గోడౌనుకి సీలు వేశారు. ప్రూయిట్ గుట్ట మీద ఇల్లు అమ్ముకున్నాడు. పెట్రోలు బంకుల్లో కూడా అతనికి ఎవరూ పలకరింపుగా తల ఊపకపోయేసరికి భార్యతో ఊరే వదిలేశాడు.

గోడౌన్లో ఆడవాళ్ళందరి పనీ పోయింది. జానెల్ది కూడా. వెర్నా చెల్లెలింటికి వెళ్తానంటే నా బండిలో తీసుకెళ్ళాను. జానెల్ తలుపు సగమే తీసింది.

"నీ కసి తీరింది కదక్కా, ఇక పొయ్యి మీద నేనేం పెట్టుకోను? నాకు ఒక్క మాట ముందు చెప్పలేకపోయావా?"

"చెబితే ఆపేదానివి."

"ఆపేదాన్నే!"

"అందుకే చెప్పలేదు. నీకు జరిగినదానికి బాధే జానెల్. వాడికి చేసినదానికి మాత్రం కాదు."

జానెల్ తలుపు మూసేసింది. వెర్నా మెట్లు దిగి వచ్చి బండెక్కింది. కళ్ళు తుడుచుకుంది. రైలు పట్టాలు దాటాక నా వైపు తిరిగింది.

"ఓపల్, నేను జనం వైపు తిరిగి ఉన్నప్పుడు వాడి మొహం ఎలా ఉంది? నాకు సరిగ్గా కనబడలేదు."

చెప్పాను. మొదట చెవులు ఎర్రబడటం, తర్వాత పెదవులు పాలిపోవడం, చివరికి భార్య కూడా అతని నుంచి కుర్చీ దూరంగా జరుపుకోవడం.

"కుర్చీ జరుపుకుందా?" అంది వెర్నా, సీట్లో వెనక్కి జారగిలబడి. "ఆ ముక్క మళ్ళీ చెప్పు."