జయన్న పడుగు, నా సంజాయిషీ

మెమో నా చేతికి శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. సోమవారం బడి గంట కొట్టేలోపల సంజాయిషీ ఇవ్వాలి, అదీ ఇంగ్లీషులో. ఇంగ్లీషు టీచర్ని ఇంగ్లీషులో రాయమంటే అదేం కష్టం అనుకునేరు! నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. హెడ్మాస్టరు భీమరావు గారు నా కాగితం కింద సంతృప్తికరంగా లేదని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆదోనిలో నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి నుంచి చదువుకుని జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లను నేను. ఆ సంగతి మా నాయన తిక్కయ్య బస్టాండులో టీ కొట్టువాడికి కూడా చెప్పుకున్నాడు. భయం వెయ్యకుండా ఎట్లా ఉంటుంది?

అసలు జరిగింది ఇది. డెబ్బై తొమ్మిది మార్చిలో పదో తరగతి లెక్కల పరీక్ష రోజు ఒక గదికి నేను కాపలా. రోజూ పోయే బస్సుకే ఇంట్లోంచి బయలుదేరాను. వీధిలో జయన్న పెద్దనాయన పడుగు చాపి ఉన్నాడు. బట్ట నేసే ముందు పొడుగు దారాలన్నిటినీ వీధి పొడవునా గుంజలకు బిగించి, గంజి పట్టించి, ఇద్దరు చెరో పక్క నడుస్తూ కుంచెతో దువ్వుతారు. తడి ఆరేలోపల దువ్వకపోతే దారాలు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా పాడవుతుంది. ఆయనకు జత పట్టే కొడుకు ఆ రోజు జ్వరంతో పడుకున్నాడు. ఉన్నట్టుండి పొడిగాలి లేచింది. పెద్దనాయన నన్ను చూసి, "రామమ్మా, ఒక చెయ్యి ఎయ్యమ్మా" అన్నాడు.

మా వీధిలో ఆ మాటకు ఎదురు లేదు. పెళ్ళికి పోయేవాడైనా, పడుగువాడితో మాటలు లేనివాడైనా, చేతిలోది కింద పెట్టి కుంచె అందుకోవలసిందే. చూసీ చూడనట్టు పోయినవాడి పడుగుకు రేపు ఎవరూ రారు. నేను సంచి అరుగు మీద పెట్టేశాను. ఆలోచించానా అంటే లేదు. చెయ్యి దానంతటదే పోయింది. దువ్వడం అయ్యేసరికి బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సులో ఆదోని చేరేసరికి నా గదిలో పిల్లలకు పేపరు ఆలస్యంగా అంది, ఒక పిల్ల ఏడుస్తూ లెక్కలు చేస్తోంది.

మెమో చూసి మా ఉర్దూ టీచరు సైదా బీ, బస్సు ఖరాబ్ అయిందని రాసెయ్యమంది. అందరూ అదే రాస్తారట. నాకు అబద్ధమంటే పెద్ద పాపభీతి ఏమీ లేదు గానీ ఆ అబద్ధం మరీ అరిగిపోయింది. పైగా నాకు నా ఇంగ్లీషు మీద పొగరు. ఉన్నమాటే రాస్తాను, ఎట్లా ఒప్పుకోరో చూస్తాను అనుకున్నాను.

కారణాలను ఎట్లా రాయాలో పిల్లలకు నూరిపోసేది నేనే కదా. వాళ్ళు ఊరికే "మోర్ జస్టిఫైడ్" అని రాసేస్తారు. నేను ఎర్ర సిరాతో "దేనికంటే?" అని రాస్తాను. ఎక్కువ న్యాయం అన్నప్పుడు తక్కువ న్యాయం ఏదో చూపించాలి. "ఆల్ ది మోర్ రీజన్", అంటే మరింత కారణం ఉంది అనాలంటే ముందు ఒక కారణం కాళ్ళ మీద నిలబడి ఉండాలి, రెండోది వచ్చి దానికి బలం కావాలి. వాన పట్టేట్టు ఉంది, ఇంటికి పోవాలి; గొడుగు కూడా లేదు, అందుకని మరీ తొందరగా పోవాలి. ఇట్లా చెప్తే చివరి బెంచీకి కూడా అర్థమవుతుంది.

ఆ లెక్కన నేనూ రాశాను. గాలి లేచింది, మనిషికి తోడు లేదు, కాబట్టి ఆగడం న్యాయం. నేను నేతగాడి కూతుర్ని, పడుగు పాడైతే ఏం పోతుందో తెలిసినదాన్ని, కాబట్టి ఆగడానికి నాకు మరింత కారణం. ఆ "ఆల్ ది మోర్" దగ్గర కలం ఎత్తి నాలో నేనే మురిసిపోయాను. శనివారం గుమాస్తా చేతికి ఇచ్చేసి బస్సెక్కాను.

కిటికీ పక్కన కూర్చుని నా వాక్యాన్ని మళ్ళీ మనసులో చదువుకుంటుంటే అందులో చిక్కు కనబడింది. నేతగాడి కూతుర్ని అన్నాను. అయితే పడుగు ఏ వేళకు వీధిలోకి వస్తుందో నాకు తెలియదా? తెలిసినదానివి కనుక మరింత ముందు బయలుదేరాలి కదా అని హెడ్మాస్టరు అంటే? నేను రాసిన కారణమే అటు తిరిగి నా మెడకు చుట్టుకుంటుంది. కాగితం వెనక్కి తెచ్చుకుందామంటే అది అప్పటికే హెడ్మాస్టరు బల్ల మీదికి పోయుంటుంది. నా పొగరు తగలెయ్య!

ఆదివారమంతా ముద్ద దిగలేదు. నాయన మగ్గం గుంటలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. చివరికి చెప్పేశాను. ఆయన మగ్గం ఆపేశాడు. "ఉద్యోగం పోతే పోనీలే అని నేను అనలేను తల్లీ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పోతే పోనీ అని ఉంటే ఇంకా ఎక్కువ ఏడ్చేదాన్నేమో.

సోమవారం భీమరావు గారు పిలిపించారు. ఆయన మంత్రాలయం వైపు మనిషి, గొంతు పెంచరు. అరిచే మనిషయితే నాకూ నోరుంది. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళతోనే నాకు చిక్కు. ఆయన కాగితం మొత్తం చదివి, నా ముద్దుల వాక్యం కింద వేలు పెట్టారు.

"ఇంగ్లీషు బాగుందమ్మా. తప్పు లేదు. కానీ నీకు మరింత కారణం అంటున్నావే, దేనికంటే? నీ గదిలో ఏడ్చిన పిల్లకంటేనా?"

ఆయన అంతటితో ఆపలేదు. పడుగు ఎప్పుడు చాపుతారో ఆయనకు తెలియదట, నాకు తెలుసట. అందుకని మరింత ముందు బయలుదేరవలసింది నేనేనట. బస్సులో నేను అనుకున్నది పొల్లుపోకుండా వచ్చేసింది. ముందే అనుకున్నాను కదా అని దెబ్బ తక్కువేమీ తగల్లేదు.

తర్వాత ఆయన అడిగినదే అసలు ప్రశ్న. "రేపు కూడా పరీక్షే. మళ్ళీ పిలిస్తే ఏం చేస్తావు?"

ఆగనని ఒక్క మాట అంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కళ్ళ ముందు పెద్దనాయన నిలబడ్డాడు, గాలికి ఊగుతున్న దారాలు పట్టుకుని.

"పిలిస్తే ఆగుతాను సార్. ఇని పోయేది నాతో కాదు. అందుకే పిలుపు ఇనబడకముందే ఊరు దాటుతాను. ఇంగ మీద మొదటి బస్సుకే వస్తాను" అన్నాను. భయంలో మా వీధి మాటే వచ్చేసింది.

ఆయన కలం తీసి, కాగితం కింద ఆమోదించామని రాసి సంతకం పెట్టారు. మాట మీద ఉండమన్నారు. బయటికొచ్చి సైదా బీ భుజం మీద తల పెట్టి, నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

మాట మీద ఉన్నాను. తెల్లవారకముందే, గుంజలు కూడా నాటకముందే, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటేదాన్ని. ప్రొబేషన్ పూర్తయింది. ఉద్యోగం ఖాయమైంది. నాయన దూద్‌పేడా తెచ్చి వీధంతా పంచాడు. అందరూ తిన్నారు, బాగుందన్నారు. నేను మాత్రం ఆ రెండేళ్ళలో బడి ఉన్న ఏ పొద్దునా పడుగును కళ్ళతో చూడలేదు.

ఎనభై ఒకటి ఎండాకాలంలో ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా వాకిట్లో దారాలు కుప్పగా పడి ఉన్నాయి. ముట్టుకుంటే గంజితో అట్టకట్టి ఉన్నాయి. పొద్దున గాలి లేచిందట. నాయన కేకలు వేశాడట. రావలసినవాళ్ళు వచ్చారట గానీ ఆలస్యంగా వచ్చారట. తిక్కయ్య కూతురు ఎవరి కుంచె పట్టిందని మనం ఉరకాలని ఎవరో అన్నారట. ఇదంతా జయన్న పెద్దనాయన నన్ను చూడకుండా, గోడ వైపు తిరిగి చెప్పాడు. ఆ పొద్దున ఆ పెద్దనాయన ఊళ్ళో లేడు.

నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వేళ్ళ మీద గంజి ఎండిపోయి తెల్లగా ఉంది. నేను సంచి కింద పెట్టి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన నన్ను చూసి కొంచెం పక్కకు జరిగాడు.

"పొద్దున బస్సు దొరికిందా తల్లీ?" అన్నాడు.

"దొరికింది నాయనా" అన్నాను.